కొత్త బియ్యం, ఒనిగిరి, ముప్పై ఆరుగురు పిల్లలు

టోక్యోలో నిషికసాయ్‌లో నాలుగేళ్లుండి (ఆ ఏరియాలో ఎటు తిరిగినా మనవాళ్లే) హైదరాబాద్ వచ్చేశాక మా బాబు స్కూల్లో నాకు జపాన్ ఆంటీ అని పేరు పడిపోయింది. సంక్రాంతి సెలవులయ్యాక క్లాస్ టీచర్ ఫోన్ చేసి, నాలుగో తరగతి పిల్లలకి జపాన్ గురించి ఏదైనా చెప్పండి మేడమ్, పీపీటీ వద్దు, చేతులతో చేసేది అయితే బావుంటుంది అన్నారు. నేను వెంటనే ఒనిగిరి చేయిద్దాం అనేశా. అనేశాక తెలిసింది అసలు కష్టం.

ఒనిగిరి అంటే అన్నం ముద్ద, అంతే. నిగిరు అంటే పిడికిట్లో పట్టి నొక్కడం, ఆ మాటలోంచే పేరొచ్చింది. సుషీకి కలిపినట్టు వెనిగర్ ఏమీ కలపరు, చేతికి ఉప్పు నీళ్లు తడి చేసుకుని వేడి అన్నాన్ని నొక్కుతారు. ఇంట్లో ఉన్న సోనామసూరితో ట్రయల్ వేస్తే పట్టుకోగానే విడిపోయింది. జపాన్ బియ్యం ఆన్‌లైన్‌లో ఉంది కానీ ముప్పై ఆరు మందికి కొనాలంటే నా వల్ల కాదనిపించింది. అప్పుడు బియ్యం కొట్టుకెళ్లి కొత్త బియ్యం ఇవ్వండి అన్నా. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పండగ అయిపోయిందిగా అమ్మా ఇప్పుడు కొత్త బియ్యమెందుకు, అన్నం ముద్దయిపోద్ది అన్నారు. నాకు ముద్దే కావాలండీ అన్నా. మనం పాత బియ్యం కోసం ఎక్కువ డబ్బులిస్తాం కదా, అక్కడ రివర్స్, కొత్త పంట వచ్చిందంటే షిన్‌మై అని బోర్డులు పెట్టి మరీ అమ్ముతారు.

ఇంకో గొడవ, వెజ్. అక్కడి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లో సాధారణంగా చేప తునకల రసం ఉంటుంది, ప్యాకెట్లలో కూడా, అందుకని సూప్ మానేశా. నోరి అంటే ఒనిగిరికి చుట్టే సముద్రపు నాచు, అది వెజ్జే అని వాట్సాప్ గ్రూప్‌లో మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. లోపల పెట్టడానికి అక్కడైతే ఉమెబోషి పెడతారు, ఉమె అనే పుల్లటి కాయల్ని ఉప్పులో ఊరేసి ఎండలో ఎండబెడతారు. వినగానే మీకు గుర్తొచ్చిందే నాకూ గుర్తొచ్చింది, మాగాయ. సగం మందికి మాగాయ, కారం తినలేని వాళ్లకి ఆలూ కూర.

ముందు రోజు సాయంత్రం స్కూల్లో ఏర్పాట్లు చూసుకోవడానికి వెళ్తూ శాంపిల్ ఒకటి పట్టుకెళ్లా, గుండ్రంగా చేసి పైన నల్ల నువ్వులు చల్లి. ఆయమ్మ చూసి మొహం అదోలా పెట్టి, అమ్మా ఇవి పిండాల్లా ఉన్నాయి, పిల్లలకి పెట్టకండమ్మా అంది. నిజమే! నాలుగేళ్లు తిన్నా నాకెప్పుడూ తట్టలేదు. నువ్వులు తీసేశా, గుండ్రం కాదు మూడు మూలలుగానే చెయ్యాలని డిసైడ్ అయ్యా.

ఆ రోజు పొద్దున్నే నాలుగింటికి లేచి రెండు కిలోలు, రెండు కుక్కర్లలో, నీళ్లు కాస్త ఎక్కువ పోసి వండి హాట్ బాక్సుల్లో పట్టుకెళ్లా, ఎందుకంటే చల్లారితే ఇక అంటుకోదు. ముందు న్యూస్‌పేపర్‌తో కబుటో, అంటే సమురాయ్ యోధుల శిరస్త్రాణం, మడతపెట్టించి నెత్తిన పెట్టుకోమన్నా, కొంగబొమ్మ జోలికి పోలేదు, అన్ని మడతలు ఆ వయసుకి ఓపిక చాలదు. తర్వాత చాప్‌స్టిక్స్‌తో శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి. శనగలు క్లాసంతా దొర్లాయి, ఆయమ్మకి సారీ చెప్పుకున్నా.

వడ్డన మాత్రం పిల్లలతోనే చేయించా. మా బాబు అక్కడ ఒకటో తరగతి జపనీస్ స్కూల్లోనే చదివాడు, వంతు వచ్చిన వారం తెల్ల కోటు, టోపీ వేసుకుని క్లాసుకి వడ్డించేవాడు, శుక్రవారం ఆ కోటు ఇంటికి తెస్తే ఉతికి ఇస్త్రీ చేసి పంపడం నా డ్యూటీ. అందరికీ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు, తర్వాత చేతులు జోడించి ఇతదకిమాస్ అంటారు, వినయంగా స్వీకరిస్తున్నా అని. తిన్నాక గొచిసోసమ, భోజనం పెట్టినందుకు థాంక్స్ అని. దీన్ని ఎలా చెప్పాలా అనుకుంటుంటే ఒక పాప, మా అమ్మమ్మ అన్నదాతా సుఖీభవ అంటుంది ఆంటీ, అదేనా అంది. అదే అన్నా.

క్లింగ్ ఫిల్మ్‌లో అన్నం పెట్టి నొక్కితే కొందరికి త్రిభుజం, కొందరికి లడ్డూ, ఒకడికి రాకెట్. నోరి మాత్రం పది మందికి పైగా వాసన చూసి పక్కన పెట్టేశారు. ఇంతలో ఒకబ్బాయి తన ముద్దలో చాప్‌స్టిక్స్ రెండూ నిలువుగా గుచ్చాడు. అలా పెట్టకూడదు నాన్నా, అక్కడ చనిపోయిన వాళ్లకి పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు అన్నా. వాడు టక్కున తీసేసి, మా తాతయ్యకి కూడా ముద్దలు పెట్టారు, కాకులొచ్చాయి అన్నాడు. క్లాస్ ఒక్క నిమిషం సైలెంట్. నేను ఆయమ్మ వైపు చూశా, ఆవిడ నా వైపు చూసింది. తర్వాత ఎవడో ఆంటీ ఇంకొంచెం మాగాయ అనేసరికి మళ్లీ గోల మొదలైంది.

ఇప్పుడు ఇంట్లో నోరి చాలా మిగిలింది, ప్యాకెట్ తెరిచేసరికి మెత్తబడిపోయింది కూడా. పెనం మీద కాస్త వేడి చేసి అప్పడంలా పప్పన్నంలో నంజుకుంటున్నాం.