మెనిస్కస్ కుట్టు పరికరాల టెస్టింగ్: న్యూటన్ల కన్నా ముందు గ్యాప్ చూడండి

మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) చీలికను కుట్టే పరికరం గురించి అడిగితే ముందుగా వినిపించే అంకె, అది ఎన్ని న్యూటన్లకు తెగిందన్నది. కానీ మోకాల్లో కుట్టు తెగక్కర్లేదు. చీలిక అంచులు ఒకదానికొకటి ఎడమైతే చాలు, మానడం ఆగిపోతుంది. అందుకే గ్యాప్‌ను సరిగ్గా కొలవని టెస్ట్‌ను పెద్దగా నమ్మక్కర్లేదు.

నమూనాకు ఎక్కువగా వాడేది పంది మోకాలే. మనుషులవి దొరికినా చాలావరకు వయసు మళ్లినవాళ్లవి, కణజాలం అప్పటికే పాడై ఉంటుంది. మైనస్ 20 డిగ్రీల్లో దాచినదాన్ని ఒక్కసారే కరిగించి వాడాలి. మెనిస్కస్ వెనకున్న క్యాప్సూల్‌ను, అంటే కీలును చుట్టి ఉండే పొరను, మాత్రం కోసేయకండి. ఆల్-ఇన్‌సైడ్ పరికరం (కీలు లోపలి నుంచే కుట్టేది) యాంకర్, అంటే దారాన్ని పట్టి ఉంచే చిన్న ముక్క, అడ్డం తిరిగి ఆనుకునేది దానిమీదే.

బయటి అంచుకు 3 మి.మీ. లోపలగా నిలువు చీలిక పెడతారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ముందే రెండు చివరలూ కోసేస్తే ముక్కలు జారి కుట్టు వంకర పోతుంది. అలాగని కుట్టాక కోయడం మరిచిపోతే, మిగిలిన కణజాలమే బరువు మోసి పరికరానికి లేని బలం చూపిస్తుంది. మధ్యలో చీల్చి, కుట్టి, ఆ తర్వాత రెండు చివరలూ పూర్తిగా తెగ్గోయాలి. ముడి బిగించేటప్పుడు చేతి అంచనా వద్దు, స్ప్రింగ్ గేజ్‌తో ప్రతి నమూనాకూ ఒకే బిగువు ఇవ్వాలి.

తర్వాత లాగే మెషీన్‌కు బిగించి, 2 న్యూటన్ల ప్రీలోడ్‌తో (తొలి చిన్న లాగుడుతో) వదులు తీసి, 5 నుంచి 20 న్యూటన్ల మధ్య సెకనుకు ఒకటి చొప్పున 1000 సైకిళ్లు లాగి వదలాలి. దాదాపు 17 నిమిషాలు పడుతుంది, ఆలోగా నమూనా ఎండిపోకుండా సెలైన్ చల్లుతూ ఉండాలి. గ్యాప్‌ను మెషీన్ క్రాస్‌హెడ్ (లాగే కదిలే భాగం) కదలికతో లెక్కేస్తే క్లాంప్‌లో జారినది కూడా అందులో కలిసిపోతుంది. చీలికకు అటూ ఇటూ ఇంకు చుక్కలు పెట్టి కెమెరాతో చూడడం మేలు. మొదటి కొన్ని సైకిళ్లలోనే గ్యాప్ ఎక్కువగా పెరిగి ఆ తర్వాత నిలకడగా ఉంటే ముడి సర్దుకుందన్నమాట. చివరిదాకా పెరుగుతూనే ఉంటే దారం కణజాలాన్ని కోస్తోందో, ముడి జారుతోందో చూడండి.

ఆఖరున తెగేదాకా లాగుతారు. ఎంత బలానికి అన్నదానితో పాటు ఎలా పోయిందో కూడా రాయాలి: దారం తెగిందా, ముడి జారిందా, యాంకర్ ఊడి వచ్చిందా, లేక దారం జున్నుముక్కను కోసినట్టు మెనిస్కస్‌ను కోసుకుపోయిందా. ఈ చివరిది జరిగితే దారాన్ని లావు చేసినా లాభం తక్కువ, కుట్టు దిశ మార్చాలి. మెనిస్కస్‌లో కొల్లాజెన్ నారలు ఎక్కువగా చుట్టుకొలత వెంబడే సాగుతాయి. నిలువు మ్యాట్రెస్ కుట్టు (నారలకు అడ్డంగా నిలువుగా వేసే కుట్టు) ఆ కట్టను చుట్టి పట్టుకుంటుంది, నారల వెంబడి వేసే అడ్డకుట్టు నారల మధ్య నుంచి జారిపోతుంది. ఈ తేడా తెలియకుండా ఒక పరికరాన్ని నిలువుగా, ఇంకోదాన్ని అడ్డంగా పెట్టి పోల్చడం వృథా. లాగే వేగం వేరైనా అంతే.

ఇదంతా ఒక్క లాగుడు మాత్రమే. నడిచే మోకాల్లో మెనిస్కస్ మీద నొక్కుడు, పక్కకు జరిపే కోతబలం కూడా పడతాయి. వాటికోసం పూర్తి మోకాలును మడత రిగ్‌కు (మోకాలిని వంచే చట్రానికి) బిగించి, బరువు పెట్టి వంచుతూ అదే చుక్కల మధ్య దూరాన్ని మళ్లీ కొలవాలి.