అటుక మీది మట్టిని దింపకండి, దాని మీదే గ్లాస్ ఊల్ పరచండి

మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి, బల్లార్షా దిక్కు పాత ఇండ్లల్లో గూన పెంకల కింద టేకు చెక్కల అటుక, దాని మీద రెండు మూడు అంగుళాల మట్టి ఉంటుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో కూడా ఆ మట్టి మధ్యాహ్నం దాకా ఇంటిని కాపాడుతుంది. పొద్దూకినంక మాత్రం పగలంతా తాగిన వేడిని కిందికి వదులుతుంది. రాత్రి పదకొండుకు కూడా ఫ్యాను వేడిగాలి కొట్టేది అందుకే.

మట్టి తీసేసి థర్మకోల్ వేయించుకొమ్మని చెప్పేవాళ్లు చాలామంది. వినకండి. మట్టి వేడిని ఆలస్యం చేస్తుంది, గ్లాస్ ఊల్ (గాజు పీచుతో చేసిన మెత్తటి పరుపు) వేడిని అడ్డుకుంటుంది. ఊల్ పైన, మట్టి కింద ఉంటే పెంకల సెగ మట్టికి తగలదు, అది గదితో పాటే చల్లగా ఉంటుంది. బరువు భయం కూడా అక్కర్లేదు. మూడంగుళాల మట్టి చదరపు మీటరుకు సుమారు 120 కిలోలు. 24 డెన్సిటీ (ఘనపు మీటరుకు 24 కిలోలు) గ్లాస్ ఊల్ 100 మిల్లీమీటర్ల మందం వేసినా రెండున్నర కిలోలు దాటదు. అయినా పని మొదలుపెట్టే ముందు ప్రతి దూలాన్నీ, ముఖ్యంగా గోడలోకి దిగే చివరల్ని, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెదలో, కుళ్లో పట్టినట్టే.

థర్మకోల్ వద్దనడానికి ఇంకో కారణం ఉంది. అంటుకుంటే ఆగదు, ఎలుకలు తొలిచేస్తాయి. పీవీసీ వైరు దానికి ఆనుకొని ఏండ్లు ఉంటే వైరు తొడుగులోని మెత్తదనం థర్మకోల్‌లోకి పోయి, తొడుగు బిరుసెక్కి పగులుతుంది.

శివరాత్రి తర్వాత, ఉగాదిలోపు చేయించుకుంటే మంచిది. ముందు పెంకలు సర్దించండి. పెంకలు కప్పే మనిషి దిగిపోకముందే పైన పైపుతో అరగంట నీళ్లు కొట్టించి, అటుకలో టార్చిలైటుతో చూడండి. తడిసిన ఊల్‌లో గాలి ఉండాల్సిన చోట నీళ్లు ఉంటాయి, ఇక అది వేడిని ఆపదు. పైగా కింద టేకును కుళ్లబెడుతుంది.

తర్వాత మట్టిలోని పగుళ్లు, ఫ్యాను కొక్కెం చుట్టూ, వైర్లు దిగే రంధ్రాలు పేడ కలిపిన మట్టితో పూడ్చండి. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరిగిన ప్రతిసారీ ఆ సందుల్లోంచే అటుకలోని వేడిగాలి గదిలోకి దిగుతుంది.

వైర్ల దగ్గర తొందర పడొద్దు. చుట్టూ ఊల్ కప్పిన వైరు, బయట ఉన్నప్పుడు మోసే కరెంటులో దాదాపు సగమే మోయగలదు. ఏసీ, గీజరు లైన్లను ఊల్ పైకి లేపి క్లిప్పులు కొట్టించండి. గుడ్డ తొడుగు పాత వైర్లుంటే ముందు మార్చాల్సిందే.

కొనేటప్పుడు మందం, డెన్సిటీ రెండూ అడగాలి. 12 అడుగుల × 14 అడుగుల గది అంటే 15.6 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్లవి రెండు పొరలంటే 31 పైచిలుకు, తరుగుతో 33. 1.2 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు రోల్ అయితే రెండు సరిపోతాయి. మొదటి పొర నిలువుగా, రెండోది అడ్డంగా పరిస్తే కింది అతుకుల్ని పైపొర కప్పేస్తుంది. గోడ దగ్గర ఒక సెంటీమీటరు ఎక్కువ కోయండి, సందు మిగలదు. కోసేటప్పుడు చెక్కతో అదిమి పట్టుకొని పొడవైన కత్తితో ఒక్క వేటుకు కోయాలి. చేత్తో చింపితే అంచు పీచుపీచవుతుంది. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. అయ్యాక చన్నీళ్లతో కడుక్కోండి, ఒళ్లు రుద్దొద్దు. తేళ్లు పెంకల కింద, పాత మూటల కింద ఉంటాయి, చూడకుండా చెయ్యి పెట్టకండి.

ఇంతకుముందే ఒక పొర వేసి ఉండి, అది పొడిగా ఉంటే తీయకండి, దాని మీదే కొత్తది వేయండి. ఎలుకల ఉచ్చ వాసన, నల్ల మరకలు ఉన్న ముక్కల్ని మాత్రం తీసేయాలి. ఊల్ కింద ప్లాస్టిక్ కవరు పరచొద్దు: వానకాలం గదిలో ఏసీ నడిస్తే పైనుంచి వచ్చే తేమ ఆ చల్లని కవరు మీద నీరవుతుంది, ఊల్ అడుగునుంచి తడుస్తుంది. చూరు దగ్గర రెండంగుళాల సందు వదిలి, పావంగుళం ఇనుప జాలి కొట్టండి. గాలి ఆడుతుంది, ఎలుక రాదు.

డబ్బులు మిగిలితే వాసాల అడుగున అల్యూమినియం ఫాయిల్ కట్టించండి, మెరిసే వైపు కిందికి. పైకి పెడితే దుమ్ము పట్టి దాని పని తగ్గిపోతుంది. పెంకకూ దానికీ అంగుళం ఖాళీ ఉండాలి, ఆనుకుంటే వేడి నేరుగా దిగుతుంది.

మిర్చి బస్తాలు, ఇత్తడి బిందెలు ఊల్ మీద పెట్టొద్దు. అణిగి సగం మందమైతే దాని పని కూడా దాదాపు సగమవుతుంది. నాలుగంగుళాలకు పైన ఎత్తు వచ్చేలా కాళ్లు వేసి చెక్క మంచె చేయించండి, సామాను దాని మీదికి ఎక్కించండి. అటుక మూతను అందరూ మరిచిపోతారు. దాని పైన కూడా ఊల్ ముక్కను గుడ్డలో కుట్టి అంటించి, చుట్టూ ఫోమ్ పట్టీ వేస్తే మూత వేసినప్పుడు చప్పుడు మారుతుంది, టక్కున కాకుండా మెత్తగా పడుతుంది.