బెంగళూరు నుంచి తిరుపతికి కొత్త ఈవీ (ఎలక్ట్రిక్ కారు)లో వెళ్తున్నారా?

వెళ్లేటప్పుడు రేంజ్ (ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్తుందో చూపే అంకె) చూసి మురిసిపోకండి. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తు, తిరుపతి 160 దగ్గర. దిగుడంతా లాభమే మరి! అసలు లెక్క తిరుగు ప్రయాణంలో. మనుషులు, సామానుతో 2 టన్నులయ్యే బండిని అంత ఎత్తు ఎక్కించడానికే 4 యూనిట్లు అదనం. చిత్తూరు దాటాక వచ్చే మొగిలి ఘాట్‌లో ఛార్జ్ శాతం గబగబా పడిపోతుంటే బ్యాటరీ పోయిందని కంగారొద్దు.

అందుకే చిత్తూరులోనే 80 శాతం దాకా ఎక్కించుకోండి. ఆపైన ఫాస్ట్ ఛార్జర్‌ది నత్తనడక, రెండో కాఫీ అయిపోయినా కదలదు. ఛార్జింగ్ గన్ పెట్టాక లాక్ టక్కుమని, స్క్రీన్ మీద కిలోవాట్లు కనబడేదాకా అక్కడే ఉండండి. గన్ బరువుకి కిందికి వాలితే పిన్ను సరిగ్గా ఆనక ఛార్జింగ్ మొదలవదు. కాస్త పైకెత్తి పట్టుకుని మళ్లీ పెట్టండి.

గంటకు 110 కిలోమీటర్ల బదులు 85లో వెళ్తే గాలి లాగుడు 40 శాతం తగ్గుతుంది. ఏసీ ఆపి చెమటలు కక్కక్కర్లేదు.