ఏడున్నర అడుగుల పులస: కటౌట్ ఫైలు ఎంతవరకు వచ్చింది

గోదారి గట్టున నిలబెట్టే పులస కటౌట్‌కి బొమ్మ పూర్తయింది, కట్ లైను (కోసే యంత్రం నడిచే గీత) గీశాం. పొడవు 90 అంగుళాలు, ఎత్తు 30. సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ ప్లాస్టిక్ పలక) షీటు 8 బై 4 అడుగులు కాబట్టి అతుకు అక్కర్లేదు. అతుకున్న చోటే వినైల్ (బొమ్మ ప్రింటు చేసి పలకకి అంటించే ప్లాస్టిక్ పొర) ముందు లేస్తుంది.

ఫైలు అసలు కొలతలోనే, అంగుళానికి 100 పిక్సెళ్లు. పదడుగుల దూరం నుంచి చూసే బొమ్మకి అది చాలు. 300 పెడితే ఫైలు తొమ్మిది రెట్లు బరువెక్కుతుంది తప్ప పొలుసు ఒక్కటి కూడా అదనంగా కనబడదు. చుట్టూ అర అంగుళం బ్లీడుతో (కోత గీత దాటి బయటికి పొడిగించే రంగు) 9100 బై 3100 పిక్సెళ్లు. బ్లీడులో తెలుపు ఉండకూడదు, అంచు దగ్గరి రంగునే బయటికి లాగాలి: వీపు వైపు నీలిపచ్చ, పొట్ట వైపు వెండి.

కట్ లైనే అసలు పని. సాఫ్ట్‌వేరు తనంతట తానే అంచు గీసే ఆటో ట్రేస్ వందల పాయింట్లు పెడుతుంది, దాంతో కోసిన అంచు గరుగ్గా వస్తుంది. పెన్ టూల్‌తో వీలైనన్ని తక్కువ పాయింట్లతో గీయడమే మేలు. పులస పొట్ట కింద రంపపు పళ్లలాంటి పొలుసులుంటాయి. వాటిని బొమ్మలోనే ఉంచి, లైనును వాటి బయటగా నున్నగా నడిపించాం. పలకని కోసే యంత్రం రౌటర్; దాని 6 మి.మీ. బిట్టు (తిరుగుతూ కోసే పుల్ల) లోపలి మూలలో 3 మి.మీ. వ్యాసార్థం కన్నా బిగువుగా తిరగలేదు, అందుకే తోక చీలికకి 10 మి.మీ. ఇచ్చాం. అంగుళం కన్నా సన్నటి రెక్క గట్టు మీది గాలికి నిలవదు. పొట్ట కింది రెక్కల్ని ఎర్రనీటి అలతో కలిపేశాం, బొమ్మకీ అందమొచ్చింది.

లైను వేరే లేయరులో, స్పాట్ రంగుతో (కట్ లైనుకే కేటాయించిన విడి రంగు), ఓవర్‌ప్రింట్ (కింది రంగుని తొలగించకుండా దాని మీదే పడే అమరిక) పెట్టి ఉండాలి. లేకపోతే దాని కింద రంగు పడక తెల్లగీత మిగిలే ప్రమాదముంది. రౌటర్‌కిచ్చే డీఎక్స్‌ఎఫ్ (గీతల ఫైలు) తెరిచినప్పుడు పొడవు 2286 మి.మీ. చూపాలి. 90 చూపిస్తే అంగుళాలు మిల్లీమీటర్లుగా చదువుకుంటోందని అర్థం.

మిగిలింది వెండి రంగు. ప్రింటరు వాడే సీఎంవైకే (సయాన్ అనే లేతనీలం, మెజెంటా అనే గులాబీ, పసుపు, నలుపు) ఇంకుల్లో వెండి లేదు, బూడిదరంగు ఛాయలతోనే మెరుపు తేవాలి. సయాన్, మెజెంటా, పసుపు సమానంగా కలిస్తే బూడిద గోధుమ వైపు తిరుగుతుంది, కాబట్టి నలుపు మీద ఎక్కువ ఆధారపడి సయాన్ కాస్త పైన ఉంచాం. ఛాయ మారేచోట చారలు రాకుండా కొద్దిగా నాయిస్ (సన్నటి చుక్కలు) కలిపాం. తర్వాత తల భాగం ఒక అడుగు ముక్క అదే వినైల్ మీద వేయించి ఎండలో చూడాలి. రంగు కుదిరితే మొత్తం ప్రింటు. ఎకో సాల్వెంట్ ఇంకు కనీసం 24 గంటలు ఆరాకే లామినేషన్ (పైన పారదర్శక రక్షణ పొర).