వెనక్కి పోయిన పన్ను

పై వరసలో కుడివైపు ముందు పన్ను ఒకటి నాకు లోపలికి వాలి ఉండేది. నోరు మూస్తే కింది పళ్ళ వెనక్కి పోయేది. పాలపన్ను ఊడకముందే దాని వెనకనుంచి మొలిచిందట. "అదే సర్దుకుంటుందిలే" అన్నారు ఇంట్లో. సర్దుకోలేదు. 29 ఏళ్ళు వచ్చేదాకా ఏ ఫోటోలోనూ పెదాలు విప్పలేదు.

అయినా డాక్టరు దగ్గరికి వెళ్ళింది అందుకు కాదు. కింది పన్ను దగ్గర చిగురు జారిపోయి, చల్లనీళ్ళు తాగితే జివ్వుమనేది. కావలి నుంచి రైలెక్కి నెల్లూరు వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చేతికి అద్దమిచ్చి చూపించారు. నేను నమిలిన ప్రతిసారీ పై పన్ను లోపలినుంచి కింది పన్నును బయటికి నెడుతోంది. చిగురు జారింది, అంచు అరిగింది అందుకే. నాకు ఏడుపొచ్చింది. "పెళ్ళయి బిడ్డ పుట్టాక ఈ సోకు దేనికి" అంటారని భయపడి, ఇన్నేళ్ళూ ఒక జబ్బును నోట్లో పెట్టుకు తిరిగాను.

వేరు సరిగ్గానే ఉంది, పన్ను వాలింది అంతే, పక్కన చోటు కూడా ఉంది కాబట్టి తీసి పెట్టుకునే క్లిప్పు చాలన్నారు. మెలి తిరిగిన పళ్ళకు, బాగా ఇరుక్కున్నవాటికి ఇది సరిపోదట, అతికించే క్లిప్పులే వేయాలట. అచ్చు తీసి, వారం తర్వాత ఆ క్లిప్పు ఇచ్చారు, గులాబీ రంగు ప్లాస్టిక్ ప్లేటు. అంగిలికి ఆనుకుని ఉంటుంది. దవడ పళ్ళను పట్టుకునే స్టీలు కొక్కేలు, వాలిన పన్ను వెనక మెలికలు తిప్పిన సన్నటి తీగ. పైపన్ను కింది పన్నును దాటేటప్పుడు తగలకుండా ప్లేటుకు దవడ పళ్ళ దగ్గర కాస్త ఎత్తు పెట్టారు. తినేటప్పుడు కూడా తీయొద్దన్నారు, కడగడానికే తీయాలి. నెట్టిన వైపు ఎముక కరిగి, వెనక కొత్త ఎముక పుడితేనే పన్ను జరుగుతుందట. నెలకు ఒక మిల్లీమీటరు కంటే ఎక్కువ ఆశపడొద్దన్నారు.

మొదటి మూడు రోజులూ పన్ను సలిపింది. పెరుగన్నం, ఇడ్లీలతో గడిపాను. నొప్పికంటే మాట ఎక్కువ బాధపెట్టింది. నేను మూడో తరగతి పిల్లలకు తెలుగు చెబుతాను. స, శ, ష తేడా పలికి చూపించాల్సిన నా నోట్లో మూడూ ఒకటే అయిపోయాయి, లాలాజలం ఊరిపోయేది. రాత్రుళ్ళు మా పాప పుస్తకం తీసుకుని గట్టిగా చదివేదాన్ని. పది రోజులకు నాలుకకు అలవాటైంది.

రెండో నెలలో అమ్మ వచ్చింది. ప్లేటు వాసన వస్తోందని, నేను స్నానానికి వెళ్ళినప్పుడు మరిగే నీళ్ళలో వేసింది. తీసి పెట్టుకుంటే ఒకవైపు లేచిపోయింది. వేడికి అది వంగిపోతుందని అమ్మకెట్టా తెలుస్తుంది? నేనే చెప్పలేదు. "ఎంత పని చేశానే తల్లీ" అని ఆ రోజు అన్నం కూడా తినలేదు. మళ్ళీ అచ్చు తీయించి కొత్త ప్లేటు వచ్చేసరికి పన్నెండు రోజులు. ఈలోపు పన్ను కొంచెం వెనక్కి జరిగింది. ఆ పన్నెండు రోజుల టెన్షన్ మొత్తం చికిత్సలో ఇంకెప్పుడూ పడలేదు.

అయిదో నెలలో ఒక ఉదయం, ప్లేటు కడగడానికి తీసి అలవాటుగా నోరు మూశాను. పై పన్ను కింది పన్ను ముందు ఆనింది. నమ్మకం కలక్క నాలుగుసార్లు తెరిచి మూశాను. దాటిన పన్నును కింది పళ్ళే కొంత ఆపుతాయట, అయినా రాత్రిపూట పెట్టుకోవడం మానొద్దన్నారు డాక్టరమ్మ. చిగురు ముందులా పైకి రాలేదు, ఇంకా జారకుండా ఆగింది. చల్లనీళ్ళ జివ్వు చాలావరకు తగ్గింది.

ఇప్పుడు అమ్మ ఫోన్ చేసినప్పుడు మొదట పాపను అడుగుతుంది, తర్వాత ప్లేటును. "చన్నీళ్ళతోనే కడుగుతున్నావా?" అంటుంది.