కంచె దగ్గర ఆగిన రోజు

దక్షిణాఫ్రికాకు మొదటిసారి వేటకు వెళ్లి వచ్చాను. తిరిగొచ్చాక అందరూ ఏ రైఫిల్, ఎంత దూరం నుంచి కొట్టావు అనే అడుగుతున్నారు. నాకు మాత్రం కాగితాల గురించే చెప్పాలని ఉంది.

రైఫిల్ అమెరికాలో కొన్నది. షాపు బిల్లు ఉంటే చాలనుకున్నాను, చాలదు. ప్రయాణానికి ముందే రైఫిల్ తీసుకుని కస్టమ్స్ ఆఫీసుకు వెళ్లాలి. అధికారి సీరియల్ నంబరు సరిచూసి ఫారం 4457 మీద స్టాంపు వేస్తారు. అమెరికా నుంచి పట్టుకెళ్లిన వస్తువునే తిరిగి తెస్తున్నామని చూపించే కాగితం అది. దక్షిణాఫ్రికా పోలీసులు మాత్రం తుపాకీ మనదే అనడానికి దాన్నే రుజువుగా అడుగుతారు. నా నంబరులో ఒకచోట ఉన్నది సున్నానో ఇంగ్లిష్ ఓ అక్షరమో తేలక, ఫోన్ లైటు వేసి ఇద్దరం రెండుసార్లు చూశాం. ఆయన విసుక్కోలేదు. ఆ ఒక్క గుర్తు తప్పు పడితే జొహన్నెస్‌బర్గ్‌లో రైఫిల్ ఆపేస్తారని ఆయనకు తెలుసు.

అక్కడి పోలీసుల ఫారం పేరు ఎస్ఏపీఎస్ 520. నల్ల సిరాతోనే నింపాలి, సంతకం మాత్రం విమానాశ్రయంలో వాళ్ల ముందే పెట్టాలి. నేను అన్నీ నింపి, అలవాటు కొద్దీ ఇంట్లోనే సంతకం కూడా చేసేశాను. బయలుదేరే ముందు రాత్రి సూచనలు మళ్లీ చదివితే గుండె ఝల్లుమంది. మళ్లీ ప్రింటు తీసి మొత్తం రాశాను. ఒక్కో తుపాకీకి 200 తూటాలకు మించకూడదు. విమానంలో సాధారణంగా 5 కిలోల పరిమితి ఉంటుంది. నేను 40 తూటాలు తీసుకెళ్లాను, అవే ఎక్కువయ్యాయి.

దారిలో దిగే దేశం సంగతి చాలామంది మర్చిపోతారు. నేను ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా వెళ్లాను. రైఫిల్ పెట్టె నా చేతికి రాదు, విమానంలోంచి విమానంలోకే మారుతుంది. అయినా డచ్ కస్టమ్స్ అనుమతి ముందే తీసుకోవాలి. టికెట్ ఇచ్చిన ఏజెంటు అలాంటిదేమీ అక్కర్లేదన్నారు. ఆ మాట నమ్మి ఊరుకోకుండా నేనే కనుక్కోబట్టి సరిపోయింది.

ఇక అడవిలో సంగతి. మూడో రోజు సాయంత్రం వార్ట్‌హాగ్ అనే అడవిపందిని కొట్టాను. దెబ్బ కాస్త వెనక్కి తగిలింది. అది పరిగెత్తి కంచె కింద తవ్విన కంతలోంచి అవతలికి దూరింది. ఇసుకలో నెత్తురు చుక్కలు కంతదాకా కనిపిస్తున్నాయి. గాయపడిన జంతువును వదిలేయడం నావల్ల కాదు, వెంటనే కంచె పట్టుకున్నాను. నాతో వచ్చిన ప్రొఫెషనల్ హంటర్ నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. అవతలి భూమి వేరొకరిది. యజమాని అనుమతి లేకుండా తుపాకీతో అందులో అడుగు పెడితే నేరం.

నేను వేట నేర్చుకున్న అమెరికాలో అడవి జంతువు భూమి యజమానిది కాదు, దాని బాధ్యత ప్రభుత్వానిది. దక్షిణాఫ్రికాలో అలా కాదు. చట్టం కోరినట్టు కంచె వేసిన భూమిలోని జంతువుల మీద యజమానికి హక్కుంటుంది, దానికోసం 1991లో చట్టమే చేశారు. ఇది నేను ముందే చదివాను. చదివి కూడా ఆ క్షణంలో కంచె మీద చెయ్యి వేశాను. దాటి ఉంటే తప్పు అక్కడితో ఆగేది కాదు. వేరే దేశపు చట్టాన్ని మీరి చంపిన జంతువు కొమ్మో కోరో ఇంటికి తెస్తే, లేసీ చట్టం కింద అమెరికాలో కూడా కేసవుతుంది.

నాతో ఉన్న హంటర్ ఆ భూమి యజమాని అయిన పొరుగు రైతుకు ఫోన్ చేశాడు. ఆయన వచ్చేసరికి 40 నిమిషాలు పట్టింది. ఆ జంతువు ఎక్కడ నొప్పితో పడి ఉందో అన్న ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. వెలుగు తగ్గిపోతోంది. ఆయన వచ్చి నన్ను చూసి, కంచె చూసి, నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి అనుమతి రాసిచ్చాడు. తేదీ, నా పేరు, జంతువు పేరు, కింద సంతకం. తర్వాత తనే ముందు నడిచాడు.

ముళ్లపొద కింద దొరికింది, అప్పటికే ప్రాణం పోయింది. ఆ కాగితం ఇప్పుడు ఫారం 4457తో పాటు ఒకే కవరులో ఉంది.