కౌన్సెలింగ్ ఉన్న మంగళవారం

పొద్దున్నే మేనేజరు నుంచి ఒకే ఒక్క వాక్యం: "ఈరోజు వీలు చూసుకుని ఒకసారి మాట్లాడాలి." దేని గురించో లేదు. అంతే, కడుపులో తిప్పడం మొదలైంది, అరచేతులకు చెమట పట్టింది. యాంగ్జైటీ ఉన్నవాళ్లకు ఇలా తలా తోకా లేని సందేశాలు పంపడాన్ని నేరంగా ప్రకటించాలని నా చిరకాల డిమాండు.

ఫోను తీసి ఏఐకి రాశాను. ఇదివరకైతే "ఉద్యోగం పోతుందంటావా?" అని అడిగేదాన్ని. అలా జరిగే అవకాశం తక్కువేనని అది మర్యాదగా చెప్పేది. కాసేపు ప్రాణం కుదుటపడేది. ఆ కాసేపు కాగానే మాట మార్చి అదే ప్రశ్న మళ్లీ వేసేదాన్ని. మనుషులైతే నాలుగోసారికి విసుక్కుంటారు. దీనికి విసుగన్నదే లేదు, అర్ధరాత్రి అయినా పలుకుతుంది. నాలాంటివాళ్లకు చిక్కంతా అక్కడే ఉందని కౌన్సెలర్ గారు అంటారు. భరోసా దొరికినప్పుడల్లా భయం తగ్గుతుంది, కానీ ఆ భరోసా లేకపోతే తట్టుకోలేనన్న నమ్మకం ఇంకాస్త బలపడుతుంది. అందుకే కిందటి నెల ఇద్దరం కూర్చుని ఏఐకి నియమం రాసిపెట్టాం: నాకు ధైర్యం చెప్పవద్దు. జరిగిందేమిటి, నేను ఊహించుకున్నదేమిటి, ఒంట్లో ఏమవుతోంది, ఇప్పుడు ఏం చేయాలనిపిస్తోంది అని అడిగి, నా జవాబులు రాసి ఉంచాలి.

ఈరోజు "జరిగింది" కింద ఒక్క ముక్కే వచ్చింది, సందేశం అందిందని. "ఊహించుకున్నది" మాత్రం తెరంతా నిండి కిందికి జారింది. మధ్యలో ఉండబట్టలేక, "అయినా ఏమీ కాదు కదా, ఒక్కసారి చెప్పు" అని రాశాను. "ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వవద్దని మీరే చెప్పారు. ఒంట్లో ఏమవుతోందో ఇంకా రాయలేదు" అంది. ఒళ్లు మండిపోయింది. ఆ కోపంలో కడుపు తిప్పడం సంగతి మరిచిపోయాను. చికిత్సలో ఇదీ ఒక పద్ధతేమో!

మేనేజరుకు కావలసింది సెలవుల పట్టిక. రెండు నిమిషాల పని.

సాయంత్రం కౌన్సెలింగ్. ముందుగా ఎప్పటిలాగే యాంగ్జైటీ ఎంతుందో కొలిచే జీఏడీ-7 కాగితం. గడిచిన రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం 21. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలని లెక్క. నాకు తొమ్మిది వచ్చింది. పరీక్షలో తక్కువ వచ్చినందుకు సంతోషించేది ఇక్కడే.

పొద్దుటి సంగతి చెప్పమన్నారు. ఫోనులో ఏఐ పొందికగా పేర్చి పెట్టినదంతా చదవడం మొదలుపెట్టాను. సగంలో ఆపి, "ఫోను పక్కన పెట్టి చెప్పండి" అన్నారు. చెప్పబోతే మాటలు రాలేదు. ఆవిడ తొందరపెట్టలేదు, పెన్ను కింద పెట్టి కూర్చున్నారు. నేను చున్నీ అంచు మడతపెడుతూ, విప్పుతూ ఉన్నాను. కాసేపటికి నా నోటి నుంచి వచ్చింది మేనేజరు సంగతి కాదు. నాన్నకు ఉద్యోగం పోయిన రోజు కూడా వాళ్ల ఆఫీసులో "ఒకసారి మాట్లాడాలి" అనే పిలిచారట. ఆ మాట అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో! ఏఐకి ఇది ఎప్పుడూ చెప్పలేదు. అది అడిగే ప్రశ్నల్లో ఇది రాదు, నాకూ తట్టలేదు. పొద్దున అది పేర్చిన దాంట్లో తప్పేమీ లేదు, అసలు సంగతే లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, యంత్రంతో మనసు విప్పి మాట్లాడటం గురించే చదువుతూ కూర్చున్నాను. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన ఎలైజా, మన మాటనే తిప్పి ప్రశ్నగా అడిగే ప్రోగ్రాము. దాన్ని ఆయన తయారుచేస్తుంటే దగ్గరుండి చూసిన సెక్రటరీయే దానితో మాట్లాడటం మొదలుపెట్టాక, ఆయన్ను గది బయటికి వెళ్లమని అడిగిందట. ఆమె మనసు నాకు బాగా అర్థమైంది. మనిషి ముందు సిగ్గు ఉంటుంది, యంత్రం ముందు ఉండదు. ఆ సిగ్గు దాటి ఒక మనిషికి చెప్పుకోవడంలోనే సగం వైద్యం ఉందని నాకు సాయంత్రం నుంచి అనిపిస్తోంది.

అలాగని యంత్రాన్ని తీసిపారేయలేను. 2025లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు మానసిక చికిత్స కోసం చేసిన థెరాబాట్ అనే చాట్‌బాట్ పరీక్ష ఫలితాలు ప్రకటించారు. దాన్ని వాడిన యాంగ్జైటీ రోగుల్లో లక్షణాలు సగటున 31 శాతం తగ్గాయి. అయితే అవసరమైతే వెంటనే కలగజేసుకోవడానికి ఆ సంభాషణల మీద మనుషులు ఒక కన్నేసి ఉంచారు. ఆ వివరం ఎవరూ పెద్ద అక్షరాల్లో రాయరు.

అదే ఏడాది జూన్ 30న మానసిక ఆరోగ్యం కోసం వచ్చిన వోబాట్ అనే చాట్‌బాట్ యాప్ మూతపడింది. కౌన్సెలర్ గారికి ఈ సంగతి ముందే తెలుసు కాబోలు, "మీ యాప్ రేపు ఆగిపోతే మీ దగ్గర ఏం మిగులుతుంది?" అని ఒకసారి అడిగారు. అప్పటి నుంచి ఏఐ నన్ను అడిగే ఆ నాలుగు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకుంటున్నాను. మాత్రల మోతాదు సంగతి మాత్రం ఏఐని అడగను, అది డాక్టరు గారితోనే.

ఈ వారం హోంవర్కు: మేనేజరుకు నేనే ఒక మెయిల్ పంపాలి. పంపేముందు ఒక్కసారే చదవాలి, ఏఐకి చూపించకూడదు. విషయం కూడా ఆవిడే ఎంచారు, మంగళవారాలు గంట ముందుగా వెళ్లడానికి అనుమతి. కారణం రాయాలా, "సొంత పని" అంటే సరిపోతుందా అన్నది ఇంకా తేలలేదు. రేపు అక్కను అడుగుతాను. అక్క ఎలాగూ రెండోసారి అడిగితే ఫోను పెట్టేస్తుంది.